దండెం మీద ఉత్తరదేశం

వరద తీసిన మూడో రోజు
తాళ్ళరేవు శాఖా గ్రంథాలయం తలుపు
భుజంతో నెట్టాల్సొచ్చింది.
కింది అర మొత్తం బురద.
నవలలు ఉబ్బి ఒకదాన్నొకటి కరుచుకున్నాయి,
పోటీ పరీక్షల గైడ్లు గంజైపోయాయి.
తేలుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగినవి
ఎవరూ ఏనాడూ అడగని పదకొండు పుస్తకాలు.
లూథరన్ ఆస్పత్రి మూసేసినప్పుడు
విరిగిన బల్లలతో పాటు మాకు పంపినవి.
నార్వే, డెన్మార్క్, ఐస్‌లాండ్,
అక్కడి జనం ఏం తిన్నారో, ఎవరు ఎవర్ని ఏలారో
చీమల్లాంటి ఇంగ్లీషులో.
రిజిస్టర్లో నా ముందు గుమాస్తా
వాటి ఎదురుగా రాసిన మాట: ఇతరములు.

ఆరబెట్టడానికి చోటేదీ?
రోడ్డు పొడుగునా మొలకలొచ్చిన ధాన్యం.
"నా దండేల మీద ఎయ్యమ్మా," అంది పెసింగి పెంటమ్మ,
"చేపకి చాలిన ఎండ కాయితానికి చాలదేటి?"

రెండు వెదుళ్ళ మధ్య తాడు మీద
సావిడాయలు, వెండి నాడాల్లా.
వాటి పక్కన ఒక దేశ చరిత్ర,
నడుం దగ్గర మడిచి.

మధ్యాహ్నం గాలికి ఓ పుట దానంతటదే తెరుచుకుంది.
కొండల కింద, సముద్రపొడ్డున దుంగల పందిళ్ళు,
తోకకి తోక కట్టి వేలాడదీసిన చేపలు,
వేలకి వేలు.
పెంటమ్మ బుట్ట దించింది.
"ఎవరియ్యి ఈ పాకలు?"
"ఉత్తరాన, మంచుదేశం వాళ్ళవి."
"ఉప్పెంత పడతారు?"
"వెయ్యరంట. చలిగాలికే ఎండుతుందంట."
"మరి ఈగలో?"
"ఆ చలికి ఈగలుండవు."
చాలాసేపు చూసింది,
పరాయి వాళ్ళ అదృష్టం మీద
మొదటిసారి నిజంగా కుళ్ళుకున్నట్టు.

ఆమె తమ్ముడు నూకరాజు పడవల మిస్త్రీ.
ఓడ బొమ్మ మీద బొటనవేలు పెట్టి
మేకులు లెక్కపెట్టుకుంటూ పోయాడు.
"పలక మీదకి పలక ఎక్కించారు.
మేం అంచుకి అంచు ఆనిస్తాం.
సందులో ఏం కుక్కారో చదువు."
"గొర్రెబొచ్చు, తారు."
"మాది దూదీ గుగ్గిలం," అన్నాడు,
వియ్యంకుడి ఇంటి వంట గురించి చెప్పినట్టు.

సాయంత్రానికి తాడు కింద ఎనిమిది మంది.
నేను చదువుతున్నాను, తెలిసినంత తెలుగు చేసి:
చట్టం పుస్తకాల్లోకి ఎక్కక ముందు
ఒకాయన రాతి మీద నిలబడి నోటితో చెప్పేవాడట,
ఏడాదికి మూడో వంతు.
"ఆళ్ళకి మూడేళ్ళకైనా మొత్తం వినపడేది," అంది పెంటమ్మ,
"మా వంతు ఏ ఏడాదొచ్చింది?"
కులపెద్ద కొడుకు లేచి
ఫోను చెవికి పెట్టుకుని పక్కకెళ్ళాడు.
ఫోను మోగలేదు.

నాలుగొందల పేజీల్లో
బానిసలకి దొరికింది పేజీన్నర.
తెడ్లు వేసినవాళ్ళు, పేడ ఎత్తినవాళ్ళు,
పీట్ బురద కోసి పొయ్యిలోకి ఎండబెట్టినవాళ్ళు.
వాళ్ళని ఏమని పిలిచేవారో కూడా రాశాడు:
మొద్దు, మసి, కంపు, వంకరకాళ్ళది.
నేను గొంతు తగ్గించాను.
ఆమె తగ్గించలేదు.

"దొరలెట్టారా ఈ పేర్లు, అమ్మలెట్టారా?"
"అది రాయలేదు పిన్నీ."
"నా ముందు ముగ్గురు పోయారు.
నన్ను చేటలో ఏసి పెంటమీద పెట్టి
మళ్ళీ ఎవరి బిడ్డనో తెచ్చుకున్నట్టు తెచ్చుకుంది మా యమ్మ,
చావుకి నా మీద రోత పుట్టాలని.
ఆ కంపు అన్నదానికీ ఓ అమ్మ ఉండే ఉంటది.
కనుక్కో."

ఎవర్ని కనుక్కోను?
వెనక అట్ట మీద రచయిత ఫోటోలో
కళ్ళద్దాల దాకా వచ్చి ఆగింది గౌతమి నీళ్ళ మరక.

పుస్తకాలు ఎండాయి. బిగుసుకున్నాయి, మూతపడవు.
ఎత్తైన అరలోకి మార్చాను.
రిజిస్టర్లో ఇతరములు కొట్టేసి
ఏం రాయాలో తేలక ఖాళీ వదిలాను.
ఆ అర కింద ఇప్పుడు రోజూ ఓ పిల్లి,
పైకి చూస్తూ, ఓపిగ్గా,
చదవడానికొచ్చిన మనిషిలా కూచుంటుంది.