పన్నెండో గుండు

తిరుపాలన్నా, ముందీ మాట చెప్పు.
టక్కుమనేది ప్రతి తొక్కుకా,
ఎడమకాలు దిగినప్పుడేనా?
నీకేం తెలుసులే,
చెవుల్లో ఇంకా చేపల పాట అరుపులే ఉంటాయి.
బండిని పండబెట్టు.

కొత్తపట్నం నుంచి ఒంగోలు దాకా
ఐసుపెట్టెలో కానాగంతల నీళ్లు
చుక్కా చుక్కా కారి క్రాంకు ఇరుసులోకి దిగె.
పైనుంచి నువ్వు కొబ్బరినూనె పోస్తివి,
ఉన్న గ్రీజూ కడుక్కుపాయె.
ఉప్పుని చెయ్యిపట్టి లోపలికి తీసకపోయినట్టే గదన్నా!

ఎడమ కప్పు మాట విని ఊడొచ్చింది.
కుడిది ఎదురు మర.
బిగించే దిక్కుకి తిప్పితేనే వదులుద్ది.
అది తెలియక మొదటి ఏడు
పానా మీదెక్కి గెంతా. మోకాలి మచ్చ అప్పటిదే.
మా మామ నవ్వలా.
"దాని తీరు దానిది పీరమ్మా" అన్నాడంతే.
అప్పట్నుంచి మనుషుల్ని కూడా
రెండు దిక్కులా తిప్పి చూస్తా.

ఇదిగో ఇరుసు, గోటితో తడువు.
గుండ్లు నడిచిన బాటంతా
అమ్మోరు పోసిన మొహంలాగా గుంటలు.
దీనికెంత గ్రీజు పూసినా దండగ. మార్చాల్సిందే.

కూర్చిన గుండ్లు చవకే, ఎక్కించడం తేలికే,
కానీ వైపుకి తొమ్మిదే.
ఆ పెట్టె బరువుకి చాలవు.
సీలు బేరింగా?
దాంట్లోకి ఉప్పు పోతే తుడిచేదానికీ ఉండదు, పారెయ్యడమే.
విడిగుండ్లే నీకు. పావంగుళానివి, వైపుకి పదకొండు.

గ్రీజు మెత్తి ఒక్కోటీ అద్దుతుంటే
నీ మేనల్లుడు మీదికి వంగాడు.
"ఇంకోటి పట్టుద్ది గదత్తా, సందుంది!"
ఉంటదిరా. పన్నెండోదానికి ఉన్నట్టే ఉంటది.
పెట్టావంటే ఒకదాన్నొకటి ఒరుసుకుని
ఏదీ కదలదు.
ఆ సందుని నమ్ముకునే మిగతావి తిరిగేది.

కప్పు బిగించి, వెంట్రుకంత వెనక్కి.
మాట్లాడొద్దు ఎవరూ.
సీటు గొట్టానికి చెవి ఆనించా.
ఇంకొంచెం.
ఆఁ.

పెట్టె కింద పాత ట్యూబు ముక్క కట్టా,
నీళ్లు పక్కకి పోతాయి.
వానలు తగ్గినాక మళ్లీ తీసకరా,
టక్కుమనేదాకా ఆగబాక.
డబ్బులు వేట బాగా పడ్డ రోజు ఇద్దువులే.

డబ్బా మూస్తుంటే ఒక గుండు తక్కువ.
పిల్లోడి ఎడమ గుప్పిటి మూసే ఉంది.
చూడనట్టు
చేతులకి కిరసనాయిలు రాసుకున్నా.