ఇరవై ఎనిమిది

కాశీబుగ్గ దాటాక వంతెన దిగే చోట
మా బారికేడ్లు రెండు. ఒకదానికి చక్రం లేదు.
రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా
నా ఉద్యోగం ఒక్కటే మాట:
ఊదు.

ఊదండి బాబూ. ఇంకా. ఇంకా. ఆపొద్దు.
లారీవాళ్లు ఊదుతారు, పెళ్లి నుంచి వచ్చే బావమరుదులు ఊదుతారు,
మేష్టారొకాయన కళ్లద్దాలు తీసి మరీ ఊదాడు.
కొందరు గొట్టం నోట్లో పెట్టుకుని లోపలికి పీలుస్తారు.
ఊపిరికి ఇన్ని వాసనలుంటాయని
హోంగార్డునయ్యాకే తెలిసింది నాకు:
ఎండుచేప, జరదా కిళ్లీ, ఖాళీ కడుపు,
వాటన్నింటి మీదా తడి దుప్పటిలా మందు.

ముప్పై దాటితే కేసు.
లోపైతే సలాం.

ఆ బొలేరో కుర్రాడు మర్యాదస్తుడు.
దిగమనకముందే దిగాడు.
"మందస దాకానే అన్నా" అన్నాడు.
ఊదాడు. ఇరవై ఎనిమిది.
గొట్టం మార్చి మళ్లీ ఊదించాను. ఇరవై ఎనిమిదే.
జీపులోంచే అడిగారు ఎస్సైగారు, "ఎంతొచ్చింది గవరయ్యా?"
చెప్పాను.
"అయితే ఇంకేటి, ఒగ్గీ."
ఒగ్గేశాను.

అతని కళ్లు చూశాను నేను.
చూసింది రాయడానికి
రిజిస్టరులో గడి లేదు.

నాలుగు కిలోమీటర్లు.
జీడి షెడ్డులో పని దిగి దాలమ్మ నడిచొస్తోంది,
ఖాళీ క్యారేజీ చంకలో,
సెల్‌ఫోను లైటు కాళ్ల ముందు,
రోడ్డంచు తెల్లగీతకి జానెడు ఇవతల.
ఆమె గీతకి ఇవతలే ఉంది.
వాడూ ఇవతలే ఉన్నాడు,
రెండంకెలు.

మార్చురీలో కొత్త డాక్టరమ్మ
నల్లగా పొక్కిన ఆ అరచేతులు చూసి
కాలిన గాయాలని రాయబోయింది.
కాదమ్మా, జీడి సొన అది, అన్నాను.
మా అమ్మ చేతులూ అంతే. సబ్బుకి పోదు.
ఆ రెండు చేతుల్నీ
గాయాల లెక్కలోంచి కొట్టేసింది.

కుర్రాడి రక్తం తీసేసరికి అర్ధరాత్రి. పంతొమ్మిది.
బెయిలు మర్నాడు, భోజనాల వేళకి.

ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది.
జరిమానాకి ఒక సున్నా పెరిగింది,
జైలుకి నెలలు పెరిగాయి,
రెండోసారి దొరికితే లైసెన్సు ఇక లేనట్టే.
జంక్షన్లో ఫ్లెక్సీ కట్టారు. దాని రెండో కొయ్య
బ్రాందీ షాపు వాళ్లదే, అరువిచ్చారు.
అన్నీ పెరిగిన ఆ ఫ్లెక్సీ మీద
ముప్పై మాత్రం ముప్పైలాగే ఉంది.

దాలమ్మ పెనిమిటి తవిటయ్య
సైకిలు దిగి అంతా కూడబలుక్కుని చదివాడు.
"బాబూ, ఈ సట్టం ఎనక్కి ఎల్తాదేటి?"
ఎల్లదు మావా, అన్నాను.
"అయితే రాబోయేవోల కోసమన్నమాట."
కాసేపాగి, "మంచిదే" అన్నాడు.
"ఆలైనా ఇంటికెల్తారు."
తర్వాత చెయ్యి చాపాడు, మిషను ఇమ్మని.
జన్మలో చుక్క ముట్టని మనిషి
మెడ నరాలు తేలేలా ఊదాడు.
సున్నా వచ్చింది.
దాని వంక
చాలాసేపు చూశాడు.

ఆ రాత్రి నుంచి, ముప్పై లోపు వచ్చినా సరే,
కళ్లు తేడాగా ఉంటే తాళం నా జేబులో వేసుకుంటున్నాను.
పాక హోటల్లో టీ చెప్పి
బల్ల మీద కూర్చోబెడుతున్నాను గంటసేపు.
నా మీద రెండు ఫిర్యాదులు వెళ్లాయి.
ఎస్సైగారు చూడనట్టు అటు తిరిగి బీడీ కాలుస్తారు.

నిన్నొకడు బల్ల గుద్ది లేచాడు.
"నాది ఇరవై రెండే కదా,
ఏ సెక్షను కింద ఆపీసినావు నన్ను?"
నాకు తెలిసిన సెక్షన్లన్నీ
మనసులో ఒకసారి తిరగేశాను.

టీ చల్లారిపోతోంది, తాగు, అన్నాను.