డబ్బింగు

ఇజీనారంలో, మూడు లాంతర్లకి ఇవతల
పాత టాకీసులో టార్చి నాది.
సీకట్లో సీటు సూపించడం నా పని.
ఈ వారం పేరీసు బొమ్మ.
మాట్నీకి పదకొండు మంది,
అందులో నలుగురు ఫేను కింద నిద్దరకొచ్చినోళ్ళు,
మూల సీట్లో ఇద్దరు బొమ్మకి రానోళ్ళు.

తెర మీద గుంటకి పందొమ్మిదేళ్ళుంటాయి.
జైల్లోంచి తీసుకెల్లి, సచ్చిపోనాదని కాయితం రాసి,
ఇంకో పేరెట్టి, సంపడం నేర్పుతారు.
దానికి ముందు నవ్వడం నేర్పుతారు,
ముల్లు సెంచాతో తినడం,
పెదాలకి రంగు గీత దాటకుండా ఎయ్యడం.

మాకు ముందు అ ఆ లు నేర్పినారు,
గెడ్డ ఒడ్డున ఇసకలో, ఎదురు పుల్లతోటి.
సుకరమ్మ అని నా పేరు నాను రాసుకున్ననాడే
అది సెరిపీసి విమల అన్నారు.
ఇసకే కదా, కష్టం నేకపోనాది.

ఆ గుంట మాటాడితే
నోరు మూసీసినాక కూడా మాట వస్తంటాది.
కాలేజీ కుర్రోళ్ళు ఈలలేసి నవ్వుతారు.
నాను నవ్వను.
లొంగిపోనానాడు ఎస్పీ గారి ఆఫీసులో
ఫొటోలోళ్ళ ముందర నా నోరు కూడా అలాగే ఆడింది.
గొంతు ఎవలిదో, కాయితం ఎవలు రాసినారో.
పశ్చాత్తాపపడ్డానంట, పేపర్లో ఏసినారు.
అంత పెద్ద మాట
ఇప్పటికీ నాకు పలకడం రాదు.

బొమ్మలో తప్పులు నాకు తెలుస్తాయి.
అంత బరువు ఒంటిసేత్తో పట్టి పరిగెత్తినా
దానికి భుజం పీకదు.
సలిజ్వరం రాదు. నెల రాదు.
జలగ పట్టదు.
పేల్చినాక ఎనకాల వాయిద్యాలు మోగుతాయి.

పేల్చినాక ఏటీ మోగదు.
సెవుల్లో గుయ్యిమని ఒక ఈగ.
ఆ ఈగకి అవతల మనిషి ఏదో అంటంటాడు,
పెదాలు కనిపిస్తాయి,
మాట రాదు.

గాజుల పోలయ్య.
సంతలో నా సెయ్యి ఒళ్ళో ఎట్టుకుని, సబ్బు నురగ రాసి,
ఎముకా ఎముకా నొక్కి పచ్చ గాజులు ఎక్కించినోడు.
"సెయ్యి బిగబట్టకు తల్లీ, ఒదిలీ" అనీవోడు.
రెండేళ్ళ తరవాత కొండ మీద
నా కళ్ళకి తువ్వాలు కట్టి
తుపాకీ ఇప్పించి, మళ్ళీ బిగింపించిన సారు కూడా
ఆ మాటే అన్నాడు.
సెయ్యి బిగబట్టకు. ఒదిలీ.

పోలయ్య కబుర్లు మోస్తన్నాడని ఎవలో సెప్పినారు.
మోసినాడో నేదో నాకు తెల్దు.
గాజులు మోసినాడు, అది నాను సూసినాను.
పెట్టి జారి దారంతా పడ్డాయి.
కొన్ని పగిలినాయి, కొన్ని దొర్లుకుంటా
గెడ్డ దాకా ఎల్లినాయి.
నా మణికట్టు వణకలేదు.
బాగా నేర్చుకున్నావు, అన్నాడు సారు.

ఆఖర్న ఆ గుంట రైలెక్కి ఎలిపోతాది.
ఎక్కడికో సూపించరు.
కుర్రోళ్ళు రెండో భాగం వస్తాదంటారు.
రెండో భాగం నాకు తెలుసు:
ఏదో ఊరు, ఏదో సీకటి హాలు,
ఏరుసెనక్కాయ తొక్కలు ఊడవడం,
సీటు కింద దొరికిన ఒంటి సెప్పు
ఎవలైనా అడుగుతారేమోనని వారం దాసడం.

ఫస్టు షోకి లైట్లు తీసీసినాక
ఒక ఆడమనిషి ఆలస్యంగా వచ్చినాది.
మెట్టు కనపడక గబుక్కుని నా మణికట్టు పట్టుకుంది.
దాని సేతినిండా గాజులు,
పండక్కి ఏసుకున్నవి కాబోలు, కొత్తవి.
అవి గలగలమన్నాయి.
తెర మీద ఆ గుంట మళ్ళీ
మొదటి తుపాకీ అందుకుంటోంది.

నా సెయ్యి బిగుసుకుపోనాది.
"మెట్టుందమ్మా, సూసుకో" అన్నాను.
అది కూకున్నాక కూడా
ఆ సీటు మీద టార్చి ఏసీ ఉంచీసినాను,
ఎవలో ఎనక నుంచి తిట్టీదాకా.

సెల్లులు అయిపోవస్తన్నాయి.
రేపు మేనేజరుకి సెప్పాల.