సంబంధం అన్న గడిలో

మోంతెవిదెయోలో జులై అంటే చలికాలం.
నది సముద్రంలా కనిపించే ఊరు మాది.
వేషం వేశావని ఆ నదినెవరూ
స్టేషనుకి ఈడ్చుకుపోలేదు.

ఆఫీసులో అమ్మాయి మర్యాదగానే అడిగింది:
"ఒబ్దూలియా గారూ, ఋజువు ఏమైనా ఉందా?"

చట్టం పాసైన రాత్రి పిల్లలు డోళ్ళు కొట్టారు.
అందరికన్నా ముసలిదాన్నని నా చేతికి మైకిచ్చారు.
ఏం మాట్లాడాలో తెలీక
పోయినవాళ్ళ పేర్లు చెబుతూ పోయాను.
పదకొండో పేరు దగ్గర మైకు ఆగిపోయింది.

సైనికుల కాలంలో, వాళ్ళు పోయాక కూడా,
మమ్మల్ని పెట్టిన బాధలకి
రాజ్యం నెలనెలా కొంత ఇస్తుందట.
తేదీ కావాలి. స్టేషను పేరు కావాలి.
రిజిస్టరులో నా పేరు లేదు.
ఉన్నది మా నాన్న పెట్టింది,
అదీ ఒక్కసారే, అక్షరం తప్పుతో.
మిగతా రాత్రులు ఏ కాగితానికీ ఎక్కలేదు.
కొట్టే చేత్తో కలం పట్టరు కదమ్మా, అన్నాను.

"పోనీ సాక్షులు? ఇద్దరు చాలు."

ఇద్దరు!
నెరేయిదా ఉంటే చెప్పేది,
ఒకే సెల్లో ఒకే కోటు కప్పుకుని పడుకున్నాం.
తొంభై ఒకటిలో పోయింది,
మగవాళ్ళ వార్డులో, గోళ్ళరంగుతో సహా.
జుల్మా అయితే వారం, వర్జ్యం కూడా చెప్పేది,
బాకీలూ పుట్టినరోజులూ ఎన్నడూ మర్చిపోని మనిషి.
బ్రెజిల్ సరిహద్దు దాటాక ఉత్తరం లేదు.
మాలో అరవై దాటినవాళ్ళని లెక్కపెట్టడానికి
ఒక్క చెయ్యి చాలు.
చివరికి ఇర్మా దొరికింది, ఆ మూల మీద పూలమ్మేది.
రెండో మనిషి?

మూడు రాత్రుల తర్వాత గుర్తొచ్చాడు వాల్దెమార్.
స్టేషను ఎదుటి సెలూన్.
పోలీసులు ఈల వేస్తే
మెషిన్ పట్టుకుని రోడ్డు దాటి వచ్చేవాడు.
జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే కదా,
అందుకే వాళ్ళు ముందు జుట్టే తీయించేవాళ్ళు.

వెళ్ళాను.
ఎనభై ఆరేళ్ళు. చూపు పోయింది.
చల్లారిన మాతే బుర్రని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.
"ఎవరూ?"
పేరు చెప్పలేదు.
అతనికి నా పేరు ఎప్పుడు తెలుసు గనక.
వంగి, తల అతని చేతుల కింద పెట్టాను.

వేళ్ళు నుదుటి మీంచి నడిచి, నడిచి
ఎడమ చెవి వెనక మచ్చ దగ్గర ఆగాయి.
"ఇది నా చేతి గాటే," అన్నాడు.
"మెషిన్ పళ్ళు మొద్దుబారాయి ఆ రోజు.
నువ్వు అరవలేదు.
నేను ఊడుస్తుంటే ఒక్క పాయ ఇమ్మన్నావు."

ఇచ్చావా అని నేనడగలేదు.
ఇవ్వలేదని ఇద్దరికీ తెలుసు.

మంగళవారం కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు,
ఇస్త్రీ చొక్కాలో, పెళ్ళికొచ్చినట్టు.
క్షమించమన్నాడా అని మా పిల్లలు తెగ అడుగుతున్నారు.
అన్నాడు, బస్సులో.
వినపడనట్టు కిటికీ వైపు తిరిగాను.
ఆ రోజు నాకు కావలసింది సంతకం.

ఫారం చివర ఒక గడి:
దరఖాస్తుదారుతో సాక్షికి గల సంబంధం.
అమ్మాయి కలం ఎత్తి చూస్తోంది.
బంధువా, పొరుగువాడా, స్నేహితుడా?
వాల్దెమార్ గొంతు సవరించుకున్నాడు.
మాట రాలేదు.

నేనే చెప్పాను:
"రాయమ్మా.
నా జుట్టు ఎంత పొడుగుండేదో
తెలిసిన ఆఖరి మనిషి."

గడి చిన్నది.
ఆమె గీత దాటించి
పక్క గడిలోకి కూడా రాసింది.