చేయి తీస్తే ఆగే బండి

కూర్చో యాన్నెస్, కోటు విప్పకపోయినా ఫరవాలేదు.
బ్రేమెన్ నవంబరు చలికి ఎవరూ నిన్ను తప్పుపట్టరు.
సైకిళ్ల కొట్టు వెనక ఈ కాఫీ గది
నెలకో మంగళవారం మాది.
చూశావుగా, గొలుసులు లేవు, ఎర్రదీపాలు లేవు.
ఆ మూల స్వెటరు అల్లుతున్నావిడ పళ్ల డాక్టరు,
కేకు కోస్తున్నాయన లెక్కల మాస్టారు.
ఎవరు ఎవరి ముందు మోకరిల్లుతారో
ముఖాల మీద రాసి ఉండదు.
ఊహించకు. ఈ పూటకి అడగకు కూడా.

నీ సంచిలో ఏదో ఉంది, మాటిమాటికి తడుముకుంటున్నావు.
కొత్త తోలుపట్టీ. ధర చీటీ ఇంకా తీయలేదు, కదూ?
ఇంటికి తీసుకెళ్లు, బీరువాలో పడుండనీ.
ముప్పై నాలుగేళ్లు ఆగి తలుపు తట్టినవాడివి,
నాలుగు నెలలు ఆగలేవా?

"ఎవరికి లొంగాలి?" అన్నావు వస్తూనే.
తప్పు ప్రశ్న అనను, తొందర ప్రశ్న.
ముందు నీకేది వద్దో రాసుకో.
కావలసినవి నిద్రలో కూడా వస్తాయి,
వద్దనేవాటిని మెలకువగా కూర్చుని వెతుక్కోవాలి.

ఎవరో వచ్చి
"నిజంగా లొంగేవాడికి హద్దులుండవు" అంటారు.
వాళ్ల కాఫీకి డబ్బులివ్వకు.
మొదటి ఉత్తరంలోనే "ఇది నా ఆజ్ఞ" అని రాసేవాళ్లు
వంట రాకుండానే వడ్డనకి నిలబడ్డవాళ్లు.

ఇరవై ఏడేళ్లు ట్రామ్ నడిపాను నేను.
చేతి కింద ఒక పిడి ఉండేది.
నొక్కి పట్టినంతసేపే బండి కదులుతుంది.
డ్రైవరు ఒరిగిపోయినా, పట్టు జారినా,
వందమందితో ఉన్నచోటే ఆగుతుంది.
చచ్చినవాడి పిడి అనేవాళ్లు మావాళ్లు,
నేను మాత్రం
బతికున్నవాళ్ల పిడి అనేదాన్ని.

అలాంటి మాట ఒకటి అనుకోవాలి మీరిద్దరూ.
"వద్దు" చాలదు, కొన్నిసార్లు వద్దన్నదీ ఆటలో భాగమే.
మాది "ఆవాలు".
నవ్వకు. ఆ గదిలో
పొరపాటున కూడా నోట రాని మాట అది.

ఇది మాత్రం నువ్వడక్కపోయినా చెబుతాను.
మౌనం అర్ధాంగీకారం అంటారే,
ఫోల్కర్ట్ ఆ రాత్రి ఆవాలు అనలేదు.
గోడవైపు చూస్తూ ఉండిపోయాడు.
దాన్ని భక్తి అనుకున్నాను.
ఓర్పు అనుకున్నాను.
నా గొప్ప అనుకున్నాను.
తాళ్లు విప్పాక చూస్తే అరచేతులు మంచుగడ్డలు,
మాట గొంతులోనే ఎక్కడో ఇరుక్కుపోయింది.
మూడు వారాలు
సూపు గిన్నె నా ముందు పెట్టి
తను వేరే గదిలో తిన్నాడు.

అర్ధమంటే సగమే, యాన్నెస్.
మిగతా సగం నేను కల్పించుకున్నాను.

అప్పట్నుంచీ అడుగుతాను,
మధ్యలో, బిగ్గరగా, మొహమాటం లేకుండా:
"వేళ్లు కదులుతున్నాయా? ఇక్కడే ఉన్నావా?"
ఆట చెడుతుందని కొందరు మూతి ముడుస్తారు.
చెడనీ. చెడిన ఆట మళ్లీ ఆడొచ్చు.

ఇంకా... అయిపోయాక దుప్పటి, ఉప్పు బిస్కట్లు,
మర్నాడు మధ్యాహ్నం ఒక ఫోను.
దిగులు ఆలస్యంగా వచ్చే చుట్టం,
రెండోరోజు తలుపు తడుతుంది.
ఆజ్ఞ ఇచ్చినవాళ్లకీ వస్తుంది, ఎవరూ చెప్పరు.
ఇక్కడ విన్న పేర్లు ఇక్కడే వదిలి వెళ్లు,
పెదవి దాటితే పృథివి దాటుతుంది,
పళ్ల డాక్టరుకి రేపు పొద్దున్నే రోగులున్నారు.

అదిగో, గొడుగు పట్టుకుని వచ్చేశాడు ఫోల్కర్ట్.
ఇంట్లో నా బూట్లు విప్పేది అతనే,
విప్పమన్నప్పుడే విప్పుతాడు.
ఇక్కడ మాత్రం నా భుజం తట్టి అంటున్నాడు:
"వీబ్కె, చాలు. ఆయన్ని కేకు తిననివ్వు."

సరే అన్నాను, చూశావుగా.
తిను.