పిండిగీత

మా వీధిలో మొదటి గీత గీసింది నేనే.
సుద్దముక్క దొరక్క
పిండి చల్లి గీశాను.
తెల్లారేసరికి పిచ్చుకలు సగం తినేశాయి.

మర్నాడు ఎతేరీ ఆసుపత్రి డ్యూటీ దిగి వస్తూ
తెల్లరంగు డబ్బా తెచ్చిచ్చింది.
"రెండు మీటర్లు, గురామ్.
నీ అడుగులు కాదు, టేపు పెట్టి కొలువు."

అలజానీ లోయలో ద్రాక్ష చిగురేసే వేళ.
కాకసస్ కొండల మీద మంచు
ఎప్పటిలాగే ఎవరి దగ్గరికీ రాకుండా
నిలబడి ఉంది.

నాది మట్టిపొయ్యి, బావి అంత లోతు.
నడుం దాకా లోపలికి వంగి
గోడకు పిండి చరిచి
పడవలా కాలిన రొట్టెను కొక్కెంతో పైకి లాగి
కిటికీలోంచి అందిస్తాను.
ఆ కిటికీ ముందే ఊరు రెండుగా చీలింది.

తగువు ఒక చెంచా గురించి.
ఆదివారం చర్చిలో
ద్రాక్షారసంలో నానిన రొట్టెముక్క,
ఒకటే చెంచా, నూటపది నోళ్ళు.

"నిప్పుకు చెదలు పడతాయా?" అన్నాడు
గంట కొట్టే జక్రో,
గీతకు ఇటో కాలు అటో కాలు వేసి.
"మా తాతకు ఆ చెంచాయే. తొంభై ఏళ్ళు బతికాడు."
"మీ తాత తమ్ముడు?" వరస చివర మాస్కులోంచి ఎతేరీ.
"యుద్ధంలో పోయాడు."
"రెండో తమ్ముడు?"
జక్రో టోపీ సర్దుకున్నాడు.
వందేళ్ళ కిందటి ఆ జ్వరం సంగతి
శ్మశానంలో ఆ ఒక్క వరస పొడవు
చూసినవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు.

ఆపైన ఎవరి నోరు వాళ్ళది.
మాస్కులమ్మేవాడి ఎత్తంది ఇదంతా, అన్నారు.
పాపం చుట్టుకుంటుంది, అన్నారు.
అంకెలు దాస్తున్నారనీ, పెంచుతున్నారనీ
ఒకే మనిషి అన్నాడు, ఒకే పూట.
ఆరో నెల కడుపుతో శోరేనా
"మరి నేనేం చెయ్యాలి?" అని రెండుసార్లు అడిగింది.
ఎవరికీ వినపడలేదు.
చర్చి మూసెయ్యమన్నవాళ్ళే
కొత్త వాయి రొట్టె పైకి రాగానే
ఒకళ్ళ భుజాల మీదుగా ఒకళ్ళు చేతులు చాచారు.

నువ్వెటు గురామ్, అని ఇరువైపుల వాళ్ళూ అడిగారు.
ఎన్ని రొట్టెలు, అన్నాను.

నిప్పుకు చెదలు పట్టవు, నిజమే.
ముప్పై ఏళ్ళుగా దానితో బతుకుతున్నవాణ్ణి.
నిప్పుకేమీ కాదు.
కనుబొమలు లేనిది నాకు.
ఆ మాట నోటిదాకా వచ్చింది.
వరసలో ఇంకా పన్నెండుమంది ఉన్నారు.

మే నెలలో జబ్బు ఎతేరీకి వచ్చింది.
చెంచా ముట్టని ఎతేరీకి,
కడిగి కడిగి వేళ్ళ సందుల్లో తోలు లేచిన ఎతేరీకి.
జక్రోకి తుమ్మయినా రాలేదు.

"చూశావా," అని మొదలెట్టాడు కిటికీ దగ్గర.
"చూశావా గురామ్," అన్నాడు మళ్ళీ.
లోపల ఒక రొట్టె గోడ వదిలి
బూడిదలో పడిన చప్పుడు.
"ఒకటి ఎక్కువియ్యి," అన్నాడు.

ఆమె గేటుకు సంచీ తగిలించి
అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచాడట.
కిటికీ తెరుచుకుందట.
"మొన్న వెళ్ళావా?"
"వెళ్ళాను."
"చెంచా?"
"..."
"మూర్ఖుడా." దగ్గు. "ముసలి మూర్ఖుడా."
"రొట్టె చల్లారిపోతోంది."
మర్నాడూ వెళ్ళాడు, మర్నాడూ తిట్టించుకున్నాడు.
పద్దెనిమిది రోజులు.
పందొమ్మిదో రోజు ఆమే వచ్చింది, కర్ర పట్టుకుని,
వరస చివర నిలబడింది.
జక్రో ఆమెకు దారివ్వలేదు.
గీతకు అవతలికి మాత్రం జరిగాడు.

ఇప్పుడు రంగు చాలావరకు చెరిగింది.
మళ్ళీ వెయ్యమని ఎవరూ అనలేదు,
గీకెయ్యమనీ అనలేదు.
నిన్న శోరేనా కొడుకు
దాని మీద ఒంటికాలితో గెంతుతూ
ఇదేంటి, అని అడిగాడు.

ఎన్ని రొట్టెలు, అన్నాను.