వినలేక, మద్దెల ఓడు

మంగళవారం రాత్రి ఓస్మో డ్రమ్ముల ట్రాక్ పంపాడు.
కెమి రేవులో అప్పటికే మంచు
పడవల మెడల దాకా పేరుకుంది.

గిటార్ ప్రాసెసర్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి
హెడ్‌ఫోన్స్ చెవులకెక్కించాను.
సౌండ్ కార్డు వేరే దేనికి, ఇందులోనే ఉందిగా
అని చెప్పి అమ్మాడు ఆ కుర్రాడు.
సైన్యానికి పోతూ సగం ధరకిచ్చాడు,
తను కూర్చుకున్న మోతలన్నీ దాని పొట్టలోనే వదిలేసి.

మీట నొక్కాను.
రేకుల కప్పు మీద ఎవరో కంకర గుమ్మరించారు.
పెద్ద డ్రమ్ము దెబ్బదెబ్బకీ చిరిగింది,
చిరిగినచోటే మళ్ళీ చిరిగింది.

"ఓస్మో, నీ డ్రమ్ము చిరిగిపోయిందయ్యా."
అవతల కాసేపు ఊపిరి మాత్రమే.
"మైకు మరీ దగ్గర పెట్టానేమో. మళ్ళీ కొడతాలే."

అరవై ఏడేళ్ళు ఓస్మోకి.
కాగితం మిల్లు మూతపడేదాకా మూడో యంత్రం కాపరి.
కుడి మణికట్టుకి పట్టీ.
కింది వాటాలో పసిపిల్ల ఉంది,
తొమ్మిది కొట్టేలోపే తను కొట్టడం ముగించాలి.

బుధవారం రెండోది వచ్చింది. అదే కంకర.
గురువారం మూడోది.
శుక్రవారం సినిక్కా బేసు పంపింది, అదీ అంతే.
అప్పుడైనా నాకు అనుమానం రావద్దూ?
రాలేదు.
ఊళ్ళో అందరి చేతులూ ఒక్కసారే పాడయ్యాయనుకున్నాను.

సినిక్కా ఊరుకునే మనిషి కాదు.
"ముందు నీ పెట్టె చూసుకో, తౌనో" అని ఫోను పెట్టేసింది.

కేబుల్ మార్చాను.
డ్రైవర్ పీకి మళ్ళీ నాటాను.
బఫర్ అరవై నాలుగు, నూట ఇరవై ఎనిమిది, వెయ్యి ఇరవై నాలుగు.
ల్యాప్‌టాప్ నలభై నాలుగు వేల నూరు అంటోంది,
పెట్టె నలభై ఎనిమిది వేలంటోంది,
ఇద్దరికీ రాజీ చేశాను.
లెక్క కలిసింది, గొంతు కలవలేదు.

విసిగి, అదే ల్యాప్‌టాప్‌లో
సముద్రపు వాతావరణం పెట్టుకున్నాను.
"బోత్నియా అఖాతం, ఉత్తర భాగం"
అంటున్నావిడ రంపాన్ని మింగినట్టుంది.
ఆవిడ కూడానా!

కుర్చీ జరుపుతుంటే
కాలు పెడలు మీద పడింది.
ఆవిడ ఉన్నట్టుండి గుహలోకి వెళ్ళిపోయింది.
ఇంకోసారి తొక్కాను, నీళ్ళ అడుగు నుంచి మాట్లాడింది.
ఇంకోసారి, మళ్ళీ రంపం.

అప్పుడు మెనూలో దిగాను, పొరలు పొరలుగా, కళ్ళజోడు తుడుచుకుంటూ.
యూఎస్‌బీ నుంచి వచ్చేది ఎక్కడికి?
గొలుసు మొదటికి, అని ఉంది.
ఆ గొలుసుకి కుర్రాడు పెట్టిన పేరు నల్ల కొలిమి.
ఫజ్, దాని వెనక మంటెక్కిన ఆంప్, దాని వెనక నాలుగు నోళ్ళ క్యాబినెట్.
గిటార్ కోసం రాజేసిన కొలిమిలో
నాలుగు రోజులుగా డ్రమ్ములు వేయిస్తున్నాను.

గొలుసు బయటికి, నేరుగా చెవికి, అని మార్చాను.
గాలి సెకనుకు పదకొండు మీటర్లు.
చదివే ఆవిడకి కాస్త జలుబు చేసింది, అంతే.

మూడు ట్రాకులూ వరసగా విన్నాను.
మొదటిదానిలో రెండో చరణం దగ్గర
ఇన్నేళ్ళలో ఎన్నడూ తెగించని ఓ దొర్లింపు దొర్లించాడు.
రెండోదానిలో అది లేదు.
మూడోదానిలో తాళాలు
నిద్రపోయే పిల్ల బుగ్గను ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు.
పాట అయ్యాక రికార్డింగ్ ఆపడం మరిచాడు.
కుర్చీ కిర్రుమంది. పుల్లలు బల్ల మీద పెట్టాడు.
మణికట్టు పట్టీ విప్పాడు, చర్రుమని.
మొత్తం మీద నిజంగా చిరిగిన చప్పుడు
అదొక్కటే.

ఆడలేనివాడు మద్దెల ఓడంటాడట.
నేను వినలేక అన్నాను.

ఫోను చేశాను.
నేను నోరు తెరవకముందే అడిగాడు,
"నాలుగోది కొట్టనా?
తొమ్మిదికింకా ఇరవై నిమిషాలుంది."